కొల్లేరు మీద ఒక బోర్డు గేమ్: పర్యావరణ పాఠాన్ని ఆటగా మార్చడం ఎలా

స్కూళ్లలో సైన్స్ ఎగ్జిబిషన్ జరిగితే పర్యావరణం మీద ఒక ఆటయినా కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అది చాలాసార్లు మారువేషంలో ఉన్న వైకుంఠపాళే. చెట్టు నరికిన గడిలో పాము, మొక్క నాటిన గడిలో నిచ్చెన. బొమ్మలు బాగుంటాయి, రంగులు బాగుంటాయి. కానీ ఆడే పిల్ల చెట్టు నరకలేదు, మొక్కా నాటలేదు. పాచిక ఎక్కడికి తోస్తే అక్కడికి వెళ్లింది, అంతే. పాపపుణ్యాలు చెప్పడానికి ఆ పద్ధతి సరిపోయింది. చెరువు ఎందుకు ఎండిపోతుందో, వరద ఎందుకు ముంచుతుందో చెప్పడానికి సరిపోదు.

మన పులి-మేక ఆట దీనికన్నా మంచి గురువు. ఒంటరి మేక పులికి ఆహారం, కలిసి నడిచే మేకలు పులిని కట్టేస్తాయి. ఈ మాట గీసిన ముగ్గులో ఎక్కడా రాసి ఉండదు. నాలుగుసార్లు ఆడితే చేతికే తెలుస్తుంది. మీరు తయారు చేయబోయే ఆట ఇలా ఉండాలి. పాఠం కార్డు మీద రాతలో కాకుండా ఆట నడకలో ఉండాలి. చెరువును పాడుచేసేది ఆడేవాళ్లే అయి ఉండాలి, అదీ తగిన కారణంతో.

ఎలా చేయాలో కొల్లేరును ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చెబుతాను. ఇక్కడ ఇచ్చిన లెక్కలతో ఒక ఆట పూర్తిగా తయారవుతుంది. ఎనిమిదో తరగతి నుంచి పైవాళ్లకు సరిపోతుంది. ఒక బల్లకు నలుగురు ఆడాలి.

మొదటి మెట్టు: ఒకే చోటు, ఒకే ప్రశ్న

"పర్యావరణం మీద ఆట" అనుకుంటే పని ముందుకు సాగదు. ప్లాస్టిక్, ఓజోన్, పులులు, సౌరశక్తి అన్నీ వచ్చి కూర్చుంటాయి. ఒక చోటు ఎంచుకోండి, ఆ చోటుకు ఒక ప్రశ్న వేయండి.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు లాంటి ఏరులు, ఎన్నో కాలువలు నీళ్లు తెచ్చి ఇందులో పోస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. దాని గుండా నీళ్లు బంగాళాఖాతానికి చేరతాయి. వానాకాలంలో పొంగిన నీళ్లను కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకుని మెల్లగా వదలడం కొల్లేరు చేసే పెద్ద పని. లంక గ్రామాల జనానికి చేపల వేట, పక్షులకు తిండి కూడా ఆ నీళ్లలోనే.

1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చేపల చెరువులను ప్రోత్సహించింది. తర్వాత చెరువులు లంక జనం చేయి దాటి, పెట్టుబడి ఉన్నవాళ్ల లీజుల్లోకి పోయి, సరస్సు లోపలికి పాకాయి. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తున ఉండే గీత) వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకు ఇచ్చేది అది. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో చెరువు గట్లు కొట్టేశారు. కొన్నాళ్లకు గట్లు మళ్లీ లేచాయి. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఇంత కథలోంచి మా ఆటకు తీసుకున్న ప్రశ్న ఒక్కటే: ఎవరికి వాళ్లు న్యాయంగా బతకాలని చూసుకుంటే, అందరి సరస్సు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు పనికిరానిది ఎంత ఆసక్తిగా ఉన్నా పక్కన పెట్టాలి. పెద్దింట్లమ్మ తిరునాళ్లు, కిక్కిస పొదలు, బ్రిటిష్ కాలపు సర్వేలు నాకు చాలా ఇష్టం. కానీ వాటికి నియమాల్లో చోటు లేదు. కొల్లేటికోట అమ్మవారి గుడిని మాత్రం బోర్డు అంచున బొమ్మగా వేసుకోవచ్చు.

రెండో మెట్టు: బాణాల కాగితం

నియమాలు రాయకముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ చోటులో పెరిగేవి, తగ్గేవి రాసి ఒకదాని నుంచి ఒకదానికి బాణాలు గీయండి. ఒకటి పెరిగితే రెండోది పెరిగే చోట బాణం మీద కూడిక గుర్తు, తగ్గే చోట తీసివేత గుర్తు పెట్టండి.

కొల్లేరుకు ఇలా వస్తుంది. చెరువులు పెరిగితే కుటుంబానికి డబ్బు పెరుగుతుంది. చెరువులు పెరిగితే నీళ్లు నిలిచే చోటు తగ్గుతుంది. చోటు తగ్గితే వరద పెరుగుతుంది, వేట చేపలూ తగ్గుతాయి. చెరువుల్లో వేసే మేత, ఎరువులు నీళ్లతో పాటు సరస్సులోకి వస్తే గుర్రపుడెక్క పెరుగుతుంది. గుర్రపుడెక్క పరుచుకుంటే కింద నీళ్లకు వెలుతురు అందదు, ప్రాణవాయువు తగ్గుతుంది, ఉప్పుటేరు వైపు నీళ్ల నడక మందగిస్తుంది. చేపలు తగ్గితే పక్షులు తగ్గుతాయి. చేపలు తగ్గితే వేట మీద బతికే కుటుంబానికి డబ్బు తగ్గుతుంది. అప్పుడు ఆ కుటుంబం ఏం చేస్తుంది? తనూ చెరువు తవ్వుతుంది.

ఇక్కడ ఆగి చూడండి. బాణాలు ఒక చుట్టు తిరిగి మొదలైన చోటికే వచ్చాయి. మీ ఆట గుండెకాయ ఆ చుట్టే. మీ కాగితం మీద అలాంటి చుట్టు కనీసం ఒకటి లేకపోతే మీ దగ్గర ఉన్నది ఆట కాదు, సమాచారం. దాన్ని పోస్టరుగా వేసుకోవడం మేలు.

బాణాలు పది దాటకుండా చూసుకోండి. అంతకు మించితే పిల్లలు లెక్కలు చేస్తూ కూర్చుంటారు, ఆడరు.

మూడో మెట్టు: ఇంట్లో దొరికే సామాను

మొదటి నమూనాకు ప్రింటింగ్ వద్దు. అందంగా ఉన్నదాన్ని కొట్టేసి మార్చాలంటే చేయి రాదు.

ఒక చార్టు మీద 24 గడులు గీయండి, అడ్డంగా ఆరు, నిలువుగా నాలుగు. అది సరస్సు. పై అంచున ఏరుల పేర్లు, కింది అంచున ఒకే ఒక సన్న దారిగా ఉప్పుటేరు రాయండి. చింతపిక్కలు చేపలు. ఆకుపచ్చ బొత్తాలు గుర్రపుడెక్క. గవ్వలు గూడబాతులు (పెలికాన్ పక్షులు). రెండు గడులు కప్పేంత అట్టముక్కలు చెరువులు. చిల్లర డబ్బుల బదులు సెనగలు వాడితే ఆట మధ్యలో తినేస్తారు, పాత క్యారమ్ కాయిన్లు గానీ చీటీలు గానీ వాడండి. రెండు పాచికలు, కొన్ని కాగితం చీటీలు ఉంటే చాలు.

నాలుగో మెట్టు: ఒక ఏడాది ఎలా నడవాలి

చాలామంది మొదట పాత్రలు రాస్తారు: ఒకరు వేటగాడు, ఒకరు చెరువు యజమాని, ఒకరు అటవీ అధికారి. నాకది నచ్చదు. చీటీ తీయగానే ఒక పిల్లాడికి విలన్ వేషం వచ్చేస్తుంది, మిగతా ముగ్గురూ గంటసేపు వాడిని తిడతారు. అందుకే ఈ ఆటలో నలుగురూ లంక గ్రామంలోని నాలుగు కుటుంబాలు. మొదట్లో అందరి దగ్గరా రెండేసి రూపాయలు. అందరి ముందూ ఒకే సరస్సు, ఒకే దారులు. ఎవరు ఏమవుతారో వాళ్లే తేల్చుకుంటారు.

సరస్సు పక్కన ఒక గిన్నెలో 24 చింతపిక్కలు, ఒడ్డున 6 గవ్వలు పెట్టి మొదలుపెట్టండి. ప్రతి ఏడాదీ ఈ వరసలో నడుస్తుంది.

ముందు వాన. రెండు పాచికలు వేసి మొత్తం చూస్తారు. దాని సంగతి తర్వాత చెబుతాను.

తర్వాత పనులు. ఒక్కో కుటుంబం ఏడాదిలో రెండు పనులు చేయవచ్చు. ఏం చేస్తారో చీటీ మీద రాసి మడిచి పెట్టి, అందరూ ఒకేసారి విప్పాలి. ఉన్న పనులు నాలుగు:

- వల వేయడం: గిన్నెలోంచి 2 చేపలు, చేపకు ఒక రూపాయి.
- కూలికి వెళ్లడం: ఒక రూపాయి, సరస్సుకు లాభమూ లేదు, నష్టమూ లేదు.
- చెరువు తవ్వడం: 4 రూపాయలు కట్టి రెండు గడుల మీద అట్టముక్క పెట్టాలి. వచ్చే ఏడాది నుంచి ఏటా 3 రూపాయలు, దానికోసం మళ్లీ పని ఖర్చు పెట్టక్కర్లేదు.
- గుర్రపుడెక్క తీయడం: 3 బొత్తాలు తీసేయాలి. పైసా రాదు.

ఒకే పనిని రెండుసార్లు చేసినా తప్పు లేదు. చివరగా ఏడాది లెక్క: చేపలు పెరుగుతాయి, గుర్రపుడెక్క పెరుగుతుంది, ప్రతి కుటుంబం ఇంటి ఖర్చు కింద 2 రూపాయలు కడుతుంది. కట్టలేకపోతే అప్పు, ఏడాదికి ఒక రూపాయి వడ్డీ. ఇలా ఎనిమిదేళ్లు.

చీటీలు మడిచి పెట్టడం చిన్న సంగతిలా కనిపిస్తుంది, కానీ అది చాలా ముఖ్యం. ఒకరి తర్వాత ఒకరు ఆడితే చివరివాడు లెక్క చూసుకుని జాగ్రత్తపడతాడు. ఒకేసారి విప్పితే "వాడు ఎన్ని వలలు వేస్తాడో" అన్న టెన్షన్ ఉంటుంది. నిజమైన సరస్సులో ఉండేదీ అదే.

ఐదో మెట్టు: చేపల లెక్క సరిచూసుకోవడం

ఆట మొత్తంలో మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. నియమం ఇది: ఏడాది చివర గిన్నెలో మిగిలిన ప్రతి రెండు చేపలకు ఒక కొత్త చేప వస్తుంది. కానీ సరస్సులో తెరిచి ఉన్న గడులు ఎన్నో, చేపలు అన్నిటికి మించవు. తెరిచి ఉన్న గడి అంటే మీద చెరువూ గుర్రపుడెక్కా లేనిది.

ఇప్పుడు కాగితం మీద ఆడండి. నలుగురూ ఒక్కో వల వేస్తే 8 చేపలు పోయి 16 మిగులుతాయి. 8 కొత్తవి వచ్చి మళ్లీ 24. ఇలా వందేళ్లయినా నడుస్తుంది. నలుగురూ రెండేసి వలలు వేస్తే 16 పోయి 8 మిగులుతాయి, 4 వచ్చి 12 అవుతాయి. వచ్చే ఏడాది మళ్లీ రెండేసి వేస్తే 16 కావాలి, ఉన్నవి 12. తలా మూడు పంచుకుంటే గిన్నె ఖాళీ. సున్నాలో సగం సున్నానే కాబట్టి తర్వాత ఏమీ రాదు.

గిన్నె ఖాళీ అయితే ఆట అక్కడే చచ్చిపోతుంది, అందుకని ఒక చిన్న ఊరట పెట్టాలి. వాన 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిన ఏడాది ఏరుల వెంట 2 చేపలు కొత్తగా వస్తాయి. కోలుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో అప్పుడు కళ్ల ముందే కనిపిస్తుంది. పాడుచేయడానికి రెండేళ్లు, బాగుచేయడానికి మిగతా ఆటంతా.

మీ సొంత ఆటకు అంకెలు వేసుకునేటప్పుడు ఈ కొలత గుర్తుంచుకోండి. అందరూ నిగ్రహంగా ఉంటే బతుకు గడవాలి, కానీ సుఖంగా గడవకూడదు. పై లెక్కలో ఒక వల, ఒక కూలి చేసిన కుటుంబానికి 3 రూపాయలు వస్తాయి, 2 ఖర్చవుతాయి, మిగిలేది ఒకటి. రెండో వల వేస్తే రెండు మిగులుతాయి. ఆ ఒక్క రూపాయి తేడా చాలు. నిగ్రహానికి పెద్ద బహుమతి పెట్టారంటే ఇక ఎవరూ తప్పటడుగు వేయరు, చర్చించడానికీ ఏమీ ఉండదు. ఆశ మరీ పెద్దదైతే మొదటి ఏడాదే సరస్సు ఖాళీ.

పక్షుల నియమం చిన్నదే. వేట అయ్యాక గిన్నెలో 8 కన్నా తక్కువ చేపలుంటే ఒక గవ్వ ఎగిరిపోతుంది. 12 గానీ ఎక్కువ గానీ ఉంటే ఒకటి తిరిగొస్తుంది, ఆరుకు మించవు. గవ్వలకు రూపాయల విలువ పెట్టకండి. పర్యాటకం ఆదాయమని చెప్పి పెట్టాలనిపిస్తుంది. కొల్లేరు ఒడ్డునున్న ఆటపాకకు గూడబాతులను చూడటానికి జనం వస్తారన్నదీ నిజమే. అయినా వద్దంటాను. విలువ లేకపోతే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "పక్షులు పోతే మనకేంటి?" అని. ఆ ప్రశ్న పిల్లల నోటి నుంచే రావాలి. జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాల్సిన పని లేదు.

ఆరో మెట్టు: ఆలస్యంగా తగిలే దెబ్బ

చెరువు తవ్విన మరుసటి రోజు ఏమీ కాదు. డబ్బు వస్తుంది, అంతా బాగానే ఉంటుంది. పర్యావరణం గురించి మనుషులకు అర్థం కానిది సరిగ్గా ఈ ఆలస్యమే. ఆటలో అది కచ్చితంగా ఉండాలి.

అందుకు గుర్రపుడెక్క. ప్రతి చెరువూ ఏటా ఒక ఆకుపచ్చ బొత్తాన్ని సరస్సులోకి వదులుతుంది. బొత్తాలను ఉప్పుటేరు వైపు నుంచి గడికి ఒకటి చొప్పున పేర్చుకుంటూ రండి. ఏడాది చివర బొత్తాలు ఆరు దాటి ఉంటే, వాటంతట అవే మరో మూడు పెరుగుతాయి. మొదటి ఏళ్లలో రెండు బొత్తాలను ఎవరూ పట్టించుకోరు. "తర్వాత తీద్దాంలే" అంటారు. ఆరు దాటాక ఒకరు చేసిన పని వృథా అయినట్టే అనిపిస్తుంది, మూడు తీస్తే మూడు వస్తాయి. బయటి దేశం నుంచి, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క మన చెరువుల్లో చేసేదీ ఇదే.

రెండో దెబ్బ వరద. తెరిచి ఉన్న గడులను సగం చేయండి, అర వస్తే వదిలేయండి. ఆ అంకె సరస్సు పట్టగల వాన. పాచికల మొత్తం దాన్ని మించితే వరద: అందరూ తలా 2 రూపాయలు పోగొట్టుకుంటారు, చెరువులున్నవాళ్లకు ఆ ఏడాది చెరువు రాబడి ఉండదు.

చెరువులే లేనప్పుడు గడులు 24, సరస్సు పట్టేది 12. రెండు పాచికల మొత్తం 12 దాటదు కాబట్టి వరద అసలు రాదు. మొదటి ఏళ్లలో పిల్లలు వాన పాచికలు ఎందుకు వేస్తున్నామని విసుక్కుంటారు, వేయనివ్వండి. రెండు చెరువులు పడితే పట్టేది 10. 11 గానీ 12 గానీ పడాలి, అంటే 36 అవకాశాల్లో 3. మూడు చెరువులకు 36లో 6. నాలుగింటికి 10. ఐదింటికి 15. ఒక్కో అట్టముక్క విడిగా చూస్తే ఏ పాపమూ చేయలేదు. వరదకు కారణం ఎవరి చెరువు అని అడిగితే ఎవరి పేరూ చెప్పలేం. ఒకరి మీద వేలు పెట్టి చూపించలేకపోవడం ఈ ఆటలో నాకు బాగా నచ్చే సంగతి.

వాన మరీ తక్కువైనా చిక్కే. పాచికల మొత్తం 4 గానీ అంతకన్నా తక్కువ గానీ పడితే ఎండు ఏడాది. ఉప్పుటేరు గుండా సముద్రపు నీళ్లు ఎదురు వచ్చి 4 చేపలు పోతాయి. ఎండాకాలంలో సరస్సు మట్టం తగ్గినప్పుడు ఉప్పునీళ్లు పైకి రావడం కొల్లేరు రైతులకు, వేటగాళ్లకు తెలిసిన బాధే.

ఏడో మెట్టు: వాతావరణ మార్పును ఒక్క పాచికతో చెప్పడం

వాతావరణ మార్పు అనగానే అందరూ ఒక నల్ల కార్డు తయారు చేస్తారు: "భూతాపం పెరిగింది, అందరూ 3 రూపాయలు కట్టండి." దాంతో ఏమీ అర్థం కాదు. మామూలు దురదృష్టానికీ దానికీ తేడా తెలియదు.

ఇలా చేయండి. మొదటి నాలుగేళ్లు వానకు రెండు పాచికలు వేసి కూడుతున్నారు. ఐదో ఏడు నుంచి ఒక్క పాచికే వేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. ఆ మార్పు ఏమిటో ముందుగా వివరించకండి.

రెండు పద్ధతుల్లోనూ సగటు వాన 7. అది మారలేదు. కానీ రెండు పాచికలు కూడినప్పుడు 6, 7, 8 లాంటి మధ్య అంకెలు ఎక్కువసార్లు పడేవి, 12 పడటం 36లో ఒక్కసారి. ఇప్పుడు 12 ఆరింట ఒకసారి పడుతుంది, 2 కూడా అంతే. మూడు చెరువులున్న సరస్సుకు వరద అవకాశం ఆరింట ఒకటి నుంచి మూడింట ఒకటికి పెరిగింది. ఎండు ఏడాది అవకాశమూ సరిగ్గా అంతే పెరిగింది. చెరువులు లేని సరస్సుకు మాత్రం ఇప్పుడూ వరద రాదు.

"మొత్తం మీద వాన అంతే కదా, మరి ఇన్ని కష్టాలేంటి?" అని పిల్లలు అడిగితే, రెండు పద్ధతుల్లోనూ ఏ అంకె ఎన్నిసార్లు వస్తుందో బోర్డు మీద గీయించండి. లెక్కల మాస్టారికి కూడా ఒక పీరియడ్ దొరుకుతుంది.

ఎనిమిదో మెట్టు: కార్డులు, తక్కువగా

సంఘటనల కార్డులు రాయడం సరదాగా ఉంటుంది, అందుకే అవి ఆటను మింగేస్తాయి. ఎనిమిదేళ్ల ఆటకు మూడో నాలుగో చాలు. ఒక్కో కార్డూ బాణాల కాగితంలోని ఏదో ఒక బాణాన్ని కదిలించాలి. ఏ బాణాన్నీ కదిలించని కార్డును చింపేయండి.

నేను తప్పక ఉంచే కార్డు "గట్లు కొట్టేస్తున్నారు." ఆరో ఏడు వస్తుంది. బోర్డు మీదున్న చెరువులన్నీ తీసేయాలి, పరిహారం లేదు, అప్పులు అలాగే ఉంటాయి. గడులు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, వరద భయం తగ్గుతుంది. చెరువు లేని కుటుంబం చప్పట్లు కొడుతుంది. నిన్నగాక మొన్న అప్పు చేసి తవ్విన కుటుంబం నోరు తెరుస్తుంది. ఇక్కడ బల్ల దగ్గర గొడవ జరుగుతుంది, జరగనివ్వండి. సరస్సుకు మంచి జరిగింది, మనిషికి అన్యాయం జరిగింది, రెండూ ఒకే కార్డుతో. 2006 తర్వాత కొల్లేరులో మనుషులు మాట్లాడుకున్నది కూడా ఈ రెండింటి గురించే.

రెండో కార్డు "ఊరి కట్టుబాటు." నాలుగో ఏడాది వరకు పిల్లలను మాట్లాడుకోనివ్వకండి. ఈ కార్డు వచ్చాక చీటీలు రాసేముందు రెండు నిమిషాలు మాట్లాడుకోవచ్చు, నలుగురూ ఒప్పుకుంటే ఒక నియమం పెట్టుకోవచ్చు. ఏటా ఒకే వల అనో, వంతులవారీగా గుర్రపుడెక్క తీయాలనో, తప్పితే జరిమానా అనో. ఉమ్మడి వనరులను జనం తమలో తాము నియమాలు పెట్టుకుని నిలబెట్టుకోగలరని ఎలినార్ ఆస్ట్రమ్ అన్న అమెరికా పరిశోధకురాలు చూపించారు, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆమె పని గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. మాటలు లేని ఏళ్లకు, మాటలున్న ఏళ్లకు గిన్నెలో చేపలు ఎన్ని మిగిలాయో పక్కపక్కన రాసి చూపిస్తే చాలు.

లీజు కార్డు కూడా రాయవచ్చు: బయటి ఆసామి వచ్చి నీ వాటా నాకివ్వు, ఏటా 2 రూపాయలిస్తా అంటాడు. అది నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది. కానీ మొదటి నమూనాలో వద్దు, నియమాలు బరువెక్కుతాయి.

కార్డుల మీద సమాచారం రాయాలనుకుంటే కింద ఒక వాక్యం చాలు. కొర్రమీను గాలి కూడా పీల్చుకోగలదు కాబట్టి ప్రాణవాయువు తగ్గిన నీళ్లలోనూ తట్టుకుంటుంది, అలాంటివి. పేరాలు రాస్తే ఎవరూ చదవరు.

తొమ్మిదో మెట్టు: ఎవరు గెలిచినట్టు?

ఆటలో ఏది గెలుపో అదే పిల్లలు నేర్చుకుంటారు. ఎక్కువ డబ్బున్నవాడే గెలిచాడంటే దోపిడీని మెచ్చుకున్నట్టు. సరస్సు బాగుంటే అందరూ గెలిచారంటే, నోరున్న ఒక పిల్ల మిగతా ముగ్గురి చీటీలూ తనే రాయిస్తుంది.

నేను రెండు లెక్కలూ విడివిడిగా చదివిస్తాను. ఎవరి దగ్గర ఎంత డబ్బుందో ఒక వరస. సరస్సులో తెరిచిన గడులు, చేపలు, గవ్వలు ఎన్నో రెండో వరస. రెండింటినీ కూడి ఒక మార్కు ఇవ్వను. పిల్లలు "ఇంతకీ ఎవరు గెలిచారు సార్?" అని వెంటపడతారు. వాళ్లనే తేల్చమనండి.

పదో మెట్టు: ఆడించి చూడటం

ముందు మీరొక్కరే నాలుగు కుటుంబాలుగా ఆడండి. ఒకటి అత్యాశ, ఒకటి అతిజాగ్రత్త, ఒకటి ఎదుటివాళ్లను చూసి నడిచేది, ఒకటి పాచిక పడినట్టు ఆడేది. అత్యాశ కుటుంబం ప్రతిసారీ గెలిచినా, ప్రతిసారీ ఓడినా అంకెలు మార్చాలి. ఒకసారికి ఒక అంకె మాత్రమే మార్చండి, అదీ పెన్సిల్‌తో. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

తర్వాత ఇంట్లోవాళ్లతో, పక్కింటి పిల్లలతో ఆడించండి. నియమాలు చెప్పాక మీరు నోరు విప్పకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. తప్పుగా ఆడుతుంటే సరిదిద్దాలని నాలుక దురద పెడుతుంది. వాళ్లు ఎక్కడ తప్పు చేశారో ఆ నియమమే సరిగా రాయలేదని అర్థం, రాసుకోండి. ఎవరు ఎప్పుడు ఫోన్ వైపు చూశారు, ఎప్పుడు కుర్చీ ముందుకు లాక్కున్నారు, ఎప్పుడు పక్కవాడి చీటీలోకి తొంగిచూశారు, ఇవీ రాసుకోండి. "ఆట బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. "నాలుగో ఏడాది చెరువు ఎందుకు తవ్వావు?" అని అడగండి. వచ్చే జవాబులో సరస్సు పేరు ఉందో లేదో చూడండి.

కొల్లేరు వైపు చుట్టాలో తెలిసినవాళ్లో ఉంటే ఒకసారి వాళ్లతో ఆడించడం మంచిది. వల వేసినవాళ్లకు, చెరువు కౌలుకు చేసినవాళ్లకు మీ అంకెల్లో అబద్ధం ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది.

పదకొండో మెట్టు: క్లాసులోకి

నలభై మంది ఉంటే పది బల్లలు. ఒక పీరియడ్ సరిపోదు, రెండు కలిపి తీసుకోండి. మొదటిది ఆటకు, రెండోదానిలో సగం ఆఖరి ఏళ్లకు, మిగతాది మాటలకు. మాటలు లేకుండా ఆట ఒక్కటే ఆడించి పంపేస్తే పిల్లలకు గుర్తుండేది ఎవడు ఎవడిని మోసం చేశాడన్నదే.

పది సరస్సులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడమనండి. ఒకే నియమాలు, ఒకే మొదలు, అయినా ఒక బల్ల మీద గిన్నె నిండా పిక్కలుంటాయి, పక్క బల్ల మీద ఆకుపచ్చ బొత్తాలే ఉంటాయి. ఎందుకని అడగండి. తర్వాత ఆటలో లేనివి ఏమిటో అడగండి: పట్టణాల మురుగునీరు లేదు, ఫ్యాక్టరీల వ్యర్థాలు లేవు, ఎగువన వరి రైతు లేడు, ఓట్లు లేవు. ఏది చేర్చితే ఏ బాణం మారుతుందో వాళ్లే గీస్తారు. ఆ కాగితాలే మీ రెండో నమూనాకు ముడిసరుకు.

ఆ తర్వాత పత్రికల్లోంచి ఒక వార్త తెచ్చి చదివించవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పటి వార్తలు ఇంటర్నెట్‌లో ఎన్నో ఉన్నాయి. ఆ బుడమేరు నీళ్లు చివరికి చేరేది కొల్లేరుకే. బోర్డు పై అంచున ఉన్న ఆ పేరును పిల్లలు అప్పుడు మళ్లీ చూస్తారు.

మీ ఊరు కొల్లేరుకు దూరమైతే బాణాల కాగితం దగ్గరికి వెనక్కి వెళ్లండి. హైదరాబాద్ పిల్లలకు చేపల చెరువుల బదులు శిఖం భూముల్లో (చెరువు నీళ్లు పరుచుకునే నేలలో) లేచే ప్లాట్లు పెడితే వరద నియమం దాదాపు అలాగే పనిచేస్తుంది. కోరింగ దగ్గరైతే మడ అడవి గడులు, తుపాను పాచిక. పులికాట్ అయితే ఫ్లెమింగోలు, ఉప్పునీళ్లు, సముద్రం వైపు మూసుకుపోయే ముఖద్వారం. పేర్లు మార్చి ఊరుకోకండి, ఆ చోటులో చుట్టు ఎక్కడ తిరుగుతుందో వెతకండి.

ఒకే స్కూల్లో రెండు సెక్షన్లు ఉంటే ఇంకో పని చేయవచ్చు. ఎనిమిది-ఎ ఆడి ముగించిన బోర్డులను కదపకుండా ఉంచి, మరుసటి రోజు ఎనిమిది-బి పిల్లలను అదే సరస్సు దగ్గర కూర్చోబెట్టండి. చెరువులు, బొత్తాలు, చేపలు ఎక్కడివక్కడే, డబ్బు మాత్రం మళ్లీ తలా రెండు రూపాయలు. కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎ సెక్షన్ నుంచి బల్లకు ఒకరిని పిలిచి నిలబెట్టండి.